దరజా నుండి డిగ్రీ వరకు: కోణమును కొలిచిన వారి కథ

విజ్ఞానము ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. ఒకరు విత్తనము వేస్తారు, ఇంకొకరు నీరు పోస్తారు, పండు మరెవరో తింటారు. ఈ మాట అందరూ అంటారు గాని, ఉదాహరణ చూపమంటే తడుముకుంటారు. మన పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే అర్ధచంద్రాకారపు కోణమానిని తీసి చూడండి. దాని మీద సున్న నుండి 180 వరకు గీతలున్నవి. ఆ గీతలలో బాబిలోను ఉన్నది, పాటలీపుత్రము ఉన్నది, బాగ్దాదు ఉన్నది, సమర్‌ఖండు ఉన్నది.

కోణమును డిగ్రీలలోనే కొలవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. రేడియన్లలో కొలుస్తారు, గ్రేడులలో కొలుస్తారు, ఫిరంగి దళము వారు మిల్లులలో కొలుస్తారు. అరబ్బు నావికులు వేళ్ళతో కొలిచినారు. ఒక కొలతలోనిది ఇంకొక కొలతలోకి మార్చటము తెలియకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో, తెలిసినవారు ఎంత మేలు చేసినారో చెప్పటమే ఈ వ్యాసము ఉద్దేశ్యము. మన నమాజు వేళలకు, ఖిబ్లా దిశకు కూడా దీనితో పని ఉన్నది కనుక పెద్దలు కూడా ఓపికతో చదవగోరుతున్నాను.

అరవై లెక్క

బాబిలోను వారు పదులతో గాక అరవైలతో లెక్కించేవారు. అరవైని 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30 లతో శేషము లేకుండా భాగించవచ్చును. పంపకాలకు ఇంతకన్న అనువైన సంఖ్య దొరకదు. వృత్తమును 360 భాగములు చేయటము, ఒక్కొక్క భాగమును మళ్ళీ అరవై చేయటము వారి లెక్క నుండి వచ్చినదే. గ్రీకులు దానిని అందుకున్నారు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో టాలమీ తన ఖగోళ గ్రంథము అంతా ఈ పద్ధతిలోనే రాసినాడు.

మన దేశములోనూ అదే విభజన ఉన్నది. రాశికి 30 భాగలు, భాగకు 60 కళలు, కళకు 60 వికళలు. పంచాంగము చూసే వారికి ఇది తెలిసిన విషయమే. అరబ్బీలో రాశిని బుర్జ్ అన్నారు, భాగను దరజా అన్నారు, కళను దఖీఖా, వికళను సానియా అన్నారు. దరజా అంటే మెట్టు. ఇంగ్లీషు డిగ్రీ అన్న మాటకు మూలమైన లాటిను మాటకూ అర్థము మెట్టే. దఖీఖా అంటే సన్ననిది, చిన్నది. మినిట్ అన్న మాటకూ అదే అర్థము. సానియా అంటే రెండవది, సెకండు అన్నా రెండవదే. మనము తెలుగులో “ఆయన దర్జాగా ఉన్నాడు” అంటాము చూడండి, ఆ దర్జా ఈ దరజాయే. మెట్టు ఎక్కినవాడని అర్థము.

జ్యా నుండి జేబు వరకు

క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథములో 24 జ్యాల పట్టిక ఇచ్చినాడు. అందులో ఒక చమత్కారమున్నది. వృత్తము చుట్టుకొలత 360 భాగలు, అంటే 21,600 కళలు. మరి వ్యాసార్ధమును కూడా అదే కళలలో కొలిస్తే ఎంత వస్తుంది? 21,600ను 6.2832 చేత భాగించండి. సుమారు 3,438 వస్తుంది. ఆర్యభటుడు వాడిన వ్యాసార్ధము సరిగ్గా అదే. కోణమును, గీత పొడవును ఒకే కొలతలోకి తెచ్చినాడన్నమాట. ఈనాడు మనము రేడియన్ అంటున్నది ఇదే. ఒక రేడియన్‌కు 57 డిగ్రీల 17 నిమిషముల 45 సెకండ్లు, నిమిషములలో చెబితే 3,438కి కాస్త తక్కువ. పేరు లేదు గాని, వస్తువు అప్పుడే ఉన్నది.

అబ్బాసీ ఖలీఫా అల్-మన్సూరు కాలములో, 770 ప్రాంతములో, భారతీయ ఖగోళ గణితము బాగ్దాదు చేరినది. జీవ అన్న సంస్కృతపు మాటను అరబ్బీలో జీబ అని రాసుకున్నారు. అరబ్బీలో అచ్చుల గుర్తులు రాయకపోవటము వాడుక కనుక తరువాతి వారు దానిని జైబ్ అని చదివినారు. జైబ్ అంటే వస్త్రము మడత, ఎద మీది భాగము. లాటినులోకి అనువదించినవారు అదే అర్థము గల సైనస్ అన్న మాట వేసినారు. అదే నేటి సైన్. మన చొక్కా జేబు కూడా ఆ జైబ్ నుండి వచ్చినదే. పదవ తరగతి పిల్లవాడు సైన్ తీటా అన్నప్పుడల్లా సంస్కృతము, అరబ్బీ, లాటిను మూడూ కలిపి పలుకుతున్నాడు.

డిగ్రీకి ఎన్ని మైళ్ళు?

ఖలీఫా అల్-మామూను (813–833) భూమి కొలత తేల్చమని పండితులను ఆజ్ఞాపించినాడు. వారు సింజారు మైదానములో ఒక చోట ధ్రువము ఎత్తు ఎన్ని డిగ్రీలున్నదో చూసి, ఉత్తరముగా తాళ్ళు లాగుతూ, మేకులు పాతుతూ, ఆ ఎత్తు సరిగ్గా ఒక డిగ్రీ మారేదాకా నడిచినారు. నడిచిన దూరము 56⅔ అరబ్బు మైళ్ళని లెక్క తేలినది. అరబ్బు మైలు నాలుగు వేల మూరలు, అంటే మన కిలోమీటర్లలో రెండుకు కొంచెము తక్కువ. ఆ ప్రకారము డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. ఇప్పటి కొలతా ఇంచుమించు అంతే. ఆ తాళ్ళ కొలతకు మనము సలాము చేయాలి.

ఇదే అంకె అల్-ఫర్గానీ గ్రంథము ద్వారా ఐరోపా చేరినది. ఆరు వందల ఏండ్ల తరువాత కొలంబసు దానిని చూసినాడు. 56⅔ అన్న అంకె చూసినాడే గాని, ఎవరి మైళ్ళని ఆలోచించలేదు. రోమను మైళ్ళనుకున్నాడు. రోమను మైలు ఒకటిన్నర కిలోమీటరు కూడా లేదు. అప్పుడు డిగ్రీకి 84 కిలోమీటర్లే వస్తుంది. దానిని 360తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40,000 బదులు 30,000 కిలోమీటర్లకు దిగుతుంది. నాలుగో వంతు భూమి మాయము! పడమర దారిన ఆసియా దగ్గరేనని నమ్మి 1492లో బయలుదేరినాడు. మధ్యలో అమెరికా అడ్డు తగిలింది కనుక బ్రతికినాడు గాని, అది లేకపోతే నడి సముద్రములో ఆ ఓడల వారికి తిండీ నీరూ అయిపోయేవి. అంకె ఒకటే, కొలత వేరు.

నందన కోట దగ్గర అల్-బిరూనీ

అబూ రైహాన్ అల్-బిరూనీ (973లో జననము) గజినీ నగరము నుండి ఖిబ్లా ఎటో సరిగా తేల్చాలని ఊళ్ళ అక్షాంశ రేఖాంశాల మీద పెద్ద గ్రంథమే రాసినాడు. అది 1025లో పూర్తి అయినది. పంజాబు ఉప్పు కొండలలో నందన కోట ఉన్నది, ఇప్పుడు అది పాకిస్తానులోనిది. అక్కడి కొండ ఎత్తు 652 మూరలని ముందు కొలిచినాడు. తరువాత పైకెక్కి, ఎదుట పరచుకున్న మైదానము ఆకాశమును కలిసే గీత కంటి మట్టము కన్న ఎంత క్రిందికి ఉన్నదో చూసినాడు. 34 నిమిషములు, అంటే అర డిగ్రీకి కొంచెము ఎక్కువ. ఈ రెండు సంఖ్యలతో, తాళ్ళు లేకుండా, ఎడారిలో నడక లేకుండా, భూమి వ్యాసార్ధము 1,28,03,337 మూరలని లెక్క కట్టినాడు.

ఇక్కడ లెక్కల మాస్టర్లకు రుచించే విషయమొకటున్నది. అదే 652 మూరలు, అదే 34 నిమిషములు ఈనాటి కాలిక్యులేటరులో వేస్తే 1 కోటి 33 లక్షల పైచిలుకు వస్తుంది. అయిదు లక్షల మూరల తేడా ఎందుకు వచ్చినది? 34 నిమిషముల కొసైను పూర్ణ వ్యాసార్ధము కన్న ఎంత తక్కువో అరవై లెక్కలో చూస్తే, వ్యాసార్ధము అరవై భాగములైనప్పుడు, 10.56 వికళలు వస్తుంది. దానిని పూర్తి అంకె చేసి 11 అనుకుంటే సరిగ్గా అల్-బిరూనీ జవాబే దొరుకుతుంది. అర వికళ కూడా లేని సవరింపు భూమి మీద అయిదు లక్షల మూరలైనది. కోణము చిన్నదయ్యేకొద్దీ పట్టిక సూక్ష్మముగా ఉండాలన్న పాఠము ఇందులో ఉన్నది.

సమర్‌ఖండు వేధశాల

ఆ పాఠము నేర్చినవారు సమర్‌ఖండులో కనబడతారు. తైమూరు మనుమడు ఉలుగ్ బేగ్ రాజు అయినా కత్తి కన్న పట్టికలను ఎక్కువ ప్రేమించినాడు. 1420 ప్రాంతములో ఆయన కట్టించిన వేధశాలలో, సగము భూమిలోకి తవ్విన రాతి చాపము ఉన్నది. దాని వ్యాసార్ధము సుమారు 40 మీటర్లు. అంత పెద్దది దేనికి? లెక్క వేయండి. 40 మీటర్ల వ్యాసార్ధములో ఒక డిగ్రీ సుమారు 70 సెంటీమీటర్లు, ఒక నిమిషము పన్నెండు మిల్లీమీటర్లకు దగ్గర. కంటికి స్పష్టముగా కనబడే వెడల్పు. పిల్లవాని కోణమానిని మీద నిమిషమును చూడనే చూడలేము.

అక్కడి గణితజ్ఞుడు జంషీద్ అల్-కాషీ 1424లో చుట్టుకొలతకు, వ్యాసార్ధమునకు గల నిష్పత్తిని, అంటే 6.283185... అన్న సంఖ్యను, పదహారు దశాంశ స్థానాల వరకు సరిగా తేల్చినాడు. డిగ్రీని రేడియనులోకి మార్చటానికి ఈ సంఖ్యే తాళపుచెవి. ఉలుగ్ బేగ్ పట్టికలో ప్రతి నిమిషమునకూ జైబ్ ఇవ్వబడినది. 1449లో కన్న కొడుకు పన్నిన కుట్రలో ఆ రాజు హతుడైనాడు. వేధశాల శిథిలమైనది. పట్టికలు మాత్రము మిగిలినవి.

వేళ్ళతో కొలిచిన నావికులు

అరబ్బు నావికుల కొలత ఇస్బా, అంటే వేలు. చేయి చాచి, వేలు అడ్డముగా పెట్టి, ధ్రువ నక్షత్రము నీటి గీతకు ఎన్ని వేళ్ళ పైన ఉన్నదో చూసేవారు. తరువాత కమాల్ అనే చిన్న చెక్క పలక, దానికి ముడులు వేసిన త్రాడు వచ్చినవి. త్రాడు ముడిని పళ్ళతో పట్టుకుని పలకను ఎదురుగా చాపితే ఎత్తు తెలిసేది. వృత్తమునకు 224 ఇస్బాలు. 1490 ప్రాంతములో సముద్రయానము మీద గ్రంథము రాసిన అహ్మద్ ఇబ్న్ మాజిద్ లెక్కలన్నీ ఇస్బాలలోనే ఉన్నవి.

224 ఎందుకంటారా? దిక్సూచికి 32 దిశలు, దిశకు 7 వేళ్ళు, వెరసి 224. ఒక ఇస్బా అంటే 360ని 224తో భాగించగా వచ్చే 1 డిగ్రీ 36 నిమిషములు. చదువు లేని కలాసీకి కూడా ముడులు లెక్కపెట్టటము వచ్చును గదా! కొలత గొప్పతనము వాడేవారి చేతిలో ఉన్నది.

నూరు భాగములు, రేడియన్, మిల్

ఫ్రెంచి విప్లవము వారు అన్నింటినీ పదులలోకి మార్చాలనుకున్నారు. లంబకోణమునకు 90 డిగ్రీల బదులు 100 గ్రేడులు, వృత్తమునకు 400 అన్నారు. మీటరును కూడా భూమి నుండే తీసినారు. భూమధ్య రేఖ నుండి ధ్రువము వరకు ఒక కోటి మీటర్లు. అందుచేత ఒక గ్రేడుకు భూమి మీద 100 కిలోమీటర్లు. లెక్క ఎంతో సులువు, అయినా లోకము డిగ్రీని విడువలేదు. ఓడలవారు డిగ్రీలో ఒక నిమిషమునే తమ మైలు చేసుకున్నారు. అది 1,852 మీటర్లు.

ఆర్యభటుడు వాడిన ఆలోచనకు పేరు 19వ శతాబ్దిలో దొరికినది. 1873లో బెల్‌ఫాస్టు కళాశాలలో జేమ్స్ థామ్సన్ అనే ఆచార్యుడు పరీక్ష ప్రశ్నాపత్రములో రేడియన్ అన్న మాటను అచ్చు వేయించినాడు. ఇక మిల్ సంగతి. వెయ్యి మీటర్ల దూరములో ఒక మీటరు వెడల్పు ఎంత కోణము చేస్తుందో అది రేడియన్‌లో వెయ్యవ వంతు. వృత్తమునకు 6,283 వస్తాయి. యుద్ధభూమిలో ఆ చిల్లర ఎవరు లెక్కపెడతారు? నాటో దేశాల వారు 6,400 అన్నారు, సోవియట్ వారు 6,000 అన్నారు. ఒకే పేరుతో రెండు కొలతలు, ఇదీ జాగ్రత్త పడవలసిన చోటే.

మన దక్కనులో

కర్నల్ లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ప్రారంభించిన మహా త్రికోణ సర్వే మన దక్కను మీదుగానే ఉత్తరమునకు సాగినది. 1818లో జార్జి ఎవరెస్టు ఆయనతో చేరినది హైదరాబాదులోనే. వారు మోసిన పెద్ద థియొడొలైటు అర టన్ను బరువు. దాని ప్రాణమంతా మూడడుగుల వెడల్పు వృత్తము మీద చెక్కిన డిగ్రీ గీతలలో ఉన్నది. ఇటువంటి యంత్రాలను బాగుచేసి నిలబెట్టినవారిలో ఆర్కాటు నుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహ్‌సిన్ హుస్సేన్ ఒకరు. విలాయతు నుండి వచ్చిన హెన్రీ బారో తరువాత సర్వే వారి పరికరాల నిర్మాత పదవి ఆయనకే దక్కినది. ఎవరెస్టు పేరు శిఖరమునకు పెట్టినారు. మొహ్‌సిన్ హుస్సేన్ పేరు మన పిల్లలకు చెప్పవలసినవారము మనమే.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ స్వంత సొమ్ముతో దుర్భిణి తెప్పించి 1901లో స్థాపించిన వేధశాలను 1908లో నిజాము ప్రభుత్వము తీసుకున్నది. అదే నిజామియా వేధశాల. ఆకాశమును దేశాలవారీగా పంచుకుని నక్షత్రాల పట్టిక తయారు చేసిన అంతర్జాతీయ ప్రణాళికలో అది పాలుపంచుకున్నది.

మార్చే పద్ధతి

సూత్రాలు బట్టీ పట్టనక్కరలేదు. ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: పూర్తి చుట్టు ఎప్పుడూ ఒకటే. అది 360 డిగ్రీలు, 400 గ్రేడులు, 6,400 మిల్లులు, 224 ఇస్బాలు, 6.2832 రేడియన్లు, 24 గంటలు. మీ కోణము చుట్టులో ఎన్నో వంతో తేల్చి, కావలసిన సంఖ్యతో గుణించండి.

డిగ్రీని గ్రేడు చేయాలంటే 10తో గుణించి 9తో భాగించాలి. రేడియన్ చేయాలంటే 57.3తో భాగించాలి. గంటలు చేయాలంటే 15తో భాగించాలి. ఒక డిగ్రీకి నాలుగు నిమిషముల కాలము. ఇంకొక హెచ్చరిక. 17.30 డిగ్రీలు వేరు, 17 డిగ్రీల 30 నిమిషములు వేరు. రెండవది 17.5. ఫోనులో హైదరాబాదు అక్షాంశము 17.385 అని వస్తే అది 17 డిగ్రీల 38 నిమిషములు కాదు. .385ను 60తో గుణించాలి, 23 నిమిషములు వస్తుంది.

కాలిక్యులేటరులో డిగ్రీ, రేడియన్, గ్రేడ్ అని మూడు మీటలుంటాయి. సైన్ 30 నొక్కితే 0.5 రావాలి. రేడియన్‌లో ఉంటే మైనస్ 0.988 వస్తుంది, తప్పని వెంటనే తెలుస్తుంది. గ్రేడులో ఉంటే 0.454 వస్తుంది. ఇది దొంగ జవాబు. నిజము లాగే కనబడుతుంది. పరీక్షకు కూర్చునే ముందు ప్రతి విద్యార్థి సైన్ 30 నొక్కి చూసుకోవాలి.

ఖిబ్లా, నమాజు వేళలు

ఇక మన ఇంటి విషయము. హైదరాబాదు నుండి కాబా దిశ ఉత్తరము మొదలు గడియారము తిరిగే వైపు లెక్కిస్తే సుమారు 282.7 డిగ్రీలు. అంటే నేరు పడమరకు 12.7 డిగ్రీలు ఉత్తరముగా. బజారులో దొరికే ఖిబ్లా దిక్సూచులు కొన్నింటి మీద చుట్టు 360గా గాక 400గా గానీ, 40గా గానీ గీసి ఉంటుంది. అటువంటి దాని మీద హైదరాబాదుకు చూడవలసినది 314, లేదా 31.4. తెలియక 400 గీతల డయలు మీద 283 దగ్గర నిలిస్తే, ముఖము అసలు దిశకు 28 డిగ్రీలు ఎడమకు, పడమర దాటి నైరుతి వైపు తిరుగుతుంది. దిక్సూచి తప్పు కాదు, ముల్లు తప్పు కాదు. హజ్ నుండి ఎవరైనా ప్రేమతో తెచ్చి ఇచ్చిన దిక్సూచి ఇంట్లో ఉంటే ముందు దాని అంచున చివరి అంకె ఎంతో చూడండి.

వేళల సంగతి ఇంకా ముఖ్యము. దేశపు గడియారము 82 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశమునకు కట్టబడినది. హైదరాబాదు 78 డిగ్రీల 29 నిమిషములు. తేడా 4 డిగ్రీల 1 నిమిషము. డిగ్రీకి నాలుగు చొప్పున 16 నిమిషముల కాలము. అందువలన ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 16 నిమిషములకు. ఋతువును బట్టి అటు ఇటు మారుతుంది. విజయవాడకు ఆ తేడా సుమారు ఏడున్నర నిమిషములే.

విశాఖపట్నము రేఖాంశము 83 డిగ్రీల 18 నిమిషములు. హైదరాబాదు కన్న 4 డిగ్రీల 49 నిమిషములు తూర్పు. కాలములో 19 నిమిషములు. విశాఖలో అచ్చయిన రంజాను క్యాలెండరు చూసి హైదరాబాదులో రోజా విప్పితే, సూర్యుడు ఇంకా కొండ మీదనే ఉంటాడు. దినమంతా ఆకలి దప్పికలు ఓర్చుకున్న ముసలివారు, చిన్నపిల్లలు పందొమ్మిది నిమిషముల ముందు నోరు విప్పటము ఎంత బాధాకరము! ఊరు మారితే క్యాలెండరు కూడా మారాలి. ఫజర్, ఇషా వేళలకు సూర్యుడు క్షితిజము క్రింద ఎన్ని డిగ్రీలున్నాడో చూస్తారు. చాలా పట్టికలు 18 డిగ్రీలు తీసుకుంటాయి, కొన్ని 15 తీసుకుంటాయి. రెండు మసీదుల పట్టికలు కలవకపోతే తగవు పెట్టుకోక ముందు, ఏ ఊరికి, ఎన్ని డిగ్రీలకు కట్టినారని అడగటము మేలు. సగము తగవులు అక్కడే తీరతాయి.

కనుక సంఘ సభ్యులకు రెండు మనవులు. మసీదులలో, ఇళ్ళలో పంచే వేళల పట్టిక మీద ఊరి పేరు, రేఖాంశము, డిగ్రీలు తప్పక అచ్చు వేయించాలి. పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు, లెక్కలకు భయపడి చదువు మానకుండా చూడాలి. అల్-బిరూనీ కొండ ఎక్కినది పేరు కోసము కాదు, ఖిబ్లా సరిగా తెలియాలనీ, భూమి ఎంతో తెలియాలనీ. మన పూర్వీకులు గొప్పవారని సభలలో చెప్పుకుంటే వారికి కలిగే గౌరవము కొంచెమే. వారు చేసిన లెక్కను మన పిల్లవాడు కాగితము మీద మళ్ళీ చేసి జవాబు రాబట్టిన రోజున కలిగే గౌరవము ఎక్కువ. ఈ సాయంత్రమే మీ ఇంటి పిల్లవాడిని పిలిచి, మన ఊరి రేఖాంశము చెప్పి, నడిమధ్యాహ్నము ఎన్ని గంటలకో లెక్కకట్టమనండి.